టోలీన్‌కు ఉన్న పిడి బెంజీన్‌కు లేదు

పెద్దలకు, షిఫ్టు దిగి నేరుగా వచ్చిన కార్మిక సోదరులకు నమస్కారం.

సాల్వెంట్, అంటే పదార్థాలను కరిగించే ద్రవం, ఉన్న డ్రమ్ము మూత తీస్తే కొట్టే ఘాటు ఎలా ఉంటుందో మందుల ఫ్యాక్టరీలున్న రణస్థలం, పైడిభీమవరం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఘాటు ఒంట్లోకి పోయాక కణం ఏం చేస్తుందో చూద్దాం. రెండే సాల్వెంట్లు తీసుకుందాం: టోలీన్, బెంజీన్. రెండింటిలోనూ ఆరు కార్బన్ల ఉంగరమే. టోలీన్‌కు బయట ఒక మిథైల్ తోక వేలాడుతుంది, అంతే తేడా.

రెండూ కొవ్వులో కరిగేవే కాబట్టి కణం పొర వాటిని ఆపలేదు, మూత్రపిండాలు బయటికి తోయలేవు. ముందు నీళ్లలో కరిగేలా మార్చాలి. ఆ పని ఎక్కువగా కాలేయంలో సిప్‌2ఇ1 అనే ఎంజైము మొదలుపెడుతుంది: అణువుకు ఆక్సిజన్ తగిలిస్తుంది.

టోలీన్ విషయంలో అది తోకనే పట్టుకుంటుంది. తోక ఆక్సీకరణం చెంది బెంజోయిక్ ఆమ్లం అవుతుంది, దానికి గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం అతుక్కుని హిప్యూరిక్ ఆమ్లమై మూత్రంలో పోతుంది. ఒక రోజులో చాలా భాగం దిగిపోతుంది. అలాగని టోలీన్ సాధువు కాదు. ఈలోపే మెదడుకు చేరి తల తిప్పుతుంది, ఏళ్ల తరబడి పీలిస్తే వినికిడినీ దెబ్బతీస్తుంది.

బెంజీన్‌కు పట్టుకోవడానికి తోక లేదు. ఎంజైము ఆక్సిజన్‌ను ఉంగరం మీదే అతికిస్తుంది. అప్పుడు పుట్టేది బెంజీన్ ఆక్సైడ్. తెచ్చుకున్న విషం కన్నా చేసుకున్న విషమే ఇక్కడ చురుకైనది! దాన్ని పట్టడానికి కాలేయ కణంలో గ్లూటాథయోన్ అనే చిన్న రక్షక అణువు 5 నుంచి 10 మిల్లీమోలార్ల మేర, అంటే పుష్కలంగా, సిద్ధంగా ఉంటుంది. తప్పించుకున్నది ఫినాల్‌గా, హైడ్రోక్వినోన్‌గా మారి రక్తంతో ఎముక మజ్జకు చేరుతుంది. మజ్జలోని మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము దాన్ని బెంజోక్వినోన్‌గా మారుస్తుంది. రక్తకణాలు పుట్టే చోటే దెబ్బ తగులుతుంది కాబట్టి రక్తహీనత, ల్యుకేమియా (రక్త క్యాన్సర్) భయం.

మజ్జకూ ఒక కాపలా ఉంది. మామూలు రోజుల్లో కీప్1 అనే ప్రోటీను, రక్షణ జన్యువులను లేపే ఎన్‌ఆర్‌ఎఫ్2ను పట్టుకుని, పుట్టింది పుట్టినట్టే నాశనానికి పంపుతుంటుంది. బెంజోక్వినోన్ (క్లుప్తంగా క్వినోన్) వచ్చి కీప్1 మీది గంధకానికి అతుక్కుంటే ఆ పట్టు పోతుంది. ఎన్‌ఆర్‌ఎఫ్2 కేంద్రకంలోకి పోయి గ్లూటాథయోన్ తయారుచేసే జన్యువులను, క్వినోన్‌ను తిరిగి హైడ్రోక్వినోన్‌గా తిప్పే ఎన్‌క్యూఓ1 జన్యువును లేపుతుంది. కొత్త ఎంజైము తయారవడానికి గంటలు పడుతుంది. ఒక్కసారిగా పడ్డ పెద్ద మోతాదు అంతసేపు ఆగదు. పైగా కొందరికి పుట్టుకతోనే ఎన్‌క్యూఓ1 దాదాపు పనిచేయదు. ఒకే షిఫ్టులో పనిచేసినా ఒకరి మజ్జ దెబ్బతిని ఇంకొకరిది నిలవడానికి ఇదొక కారణం.

రోజూ మద్యం తాగేవాళ్లలో సిప్‌2ఇ1 పెరుగుతుంది, గ్లూటాథయోన్ తరుగుతుంది. పదునుపెట్టే చెయ్యి పెరిగి, పట్టే చెయ్యి తగ్గినట్టు. డ్యూటీ దిగాక గ్లాసు పాలు తాగితే విషం విరుగుతుందనుకోవడం ఒట్టి నమ్మకం. పాలు, గుడ్డు గ్లూటాథయోన్‌కు కావలసిన సిస్టీన్ అనే ముడిసరుకు ఇస్తాయి, అదీ నెమ్మదిగా. పీల్చిన ఆవిరిని పాలు పట్టుకోవు.

చివరగా, ఒంట్లోకి ఎంత పోయిందో చూసే మూత్ర పరీక్ష సంగతి. నమూనా షిఫ్టు ముగిసే వేళ ఇవ్వాలి. టోలీన్‌కు హిప్యూరిక్ ఆమ్లం చూస్తున్నారంటే, ఆ రోజు కూల్‌డ్రింకులు, కొన్న సీసా పచ్చళ్లు మానండి. వాటిలో కలిపే సోడియం బెంజోయేట్ కూడా హిప్యూరిక్ ఆమ్లంగానే బయటికొస్తుంది, లెక్క తప్పుతుంది. బెంజీన్‌కైతే గ్లూటాథయోన్ పట్టిన ముక్క, అంటే ఫినైల్ మెర్కాప్టూరిక్ ఆమ్లం చూస్తారు. సిగరెట్ పొగలోనూ బెంజీన్ ఉంటుంది కాబట్టి, తాగే అలవాటుంటే ఆ మాట ల్యాబులో ముందే చెప్పండి.