పాచి వదలనిదే మందు పనిచేయదు

అందరికీ నమస్కారం. నోటి ఆరోగ్య దినం పేరుతో నన్ను పిలిచిన మీ పెద్దల సంఘానికి కృతజ్ఞతలు. మీ అధ్యక్షులు మా నాన్నగారి స్నేహితులు, ఆయన పిలిస్తే రాకుండా ఉండలేను. మౌత్‌వాష్‌ల రకాల గురించి వరుసగా చెబుదామని రాసుకొచ్చాను. కానీ ఇందాక కాఫీ దగ్గర ఒక పెద్దాయన, "చిగుళ్ళలోంచి రక్తం వస్తోందమ్మా, అందుకే బ్రష్ మానేసి మందు పుక్కిలిస్తున్నాను" అన్నారు. ఆ కాగితం మడిచేశాను. మా నాన్నగారు కూడా ఇదే మాట అన్నారు.

ఆయనకు క్లోర్‌హెక్సిడిన్ అనే పుక్కిలి మందు రాసిచ్చారు. ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. పాత చీటీ చూపిస్తే మందుల షాపులో మళ్ళీ మళ్ళీ ఇచ్చారు. ఎనిమిది నెలలు వాడారు. పళ్ళు గోధుమ రంగుకు తిరిగాయి. చారులో ఉప్పు తెలియడం లేదని అమ్మ మీద విసుక్కునేవారు. పళ్ళ డాక్టర్ని, అదే ఊళ్ళో ఉన్నాను, ఒక్కసారి ఆయన నోరు తెరిపించి చూడలేదు. చూసేసరికి కింది ముందు పళ్ళు నాలుగూ కదులుతున్నాయి.

మందు చెడ్డదా? కాదండీ. పాచిని అడ్డుకోవడంలో దాన్ని మించిన పుక్కిలి మందు లేదు. 1970లో డెన్మార్క్‌లో హరాల్డ్ లోయె, షియాట్ అనే ఇద్దరు పరిశోధకులు దాన్ని పరీక్షించారు. 0.2 శాతం మందు 10 మిల్లీలీటర్లు, రోజుకు 2 సార్లు, నిమిషం పాటు. బ్రష్ ముట్టకపోయినా పాచి పట్టలేదు. అది పంటికి అంటుకుని గంటల తరబడి పనిచేస్తుంది. కానీ ఒక్కటి గమనించండి. వాళ్ళు మొదలుపెట్టింది శుభ్రమైన పళ్ళతో! నాన్నగారి పళ్ళకు అప్పటికే గార కట్టింది.

పాచి ఉత్త మురికి కాదు, సూక్ష్మజీవులు జిగురుతో కట్టుకున్న గూడు. మందు పైపొరను చంపుతుంది, లోపలికి దిగదు. 1683లోనే హాలండ్‌లో లేవెన్‌హుక్ అనే శాస్త్రవేత్త తన పళ్ళ పాచిని సూక్ష్మదర్శినిలో చూశాడు. వెనిగర్‌తో పుక్కిలించినా పై జీవులే చచ్చాయి, లోపలివి బతికే ఉన్నాయని రాశాడు. ఆ పాచే లాలాజలంలోని కాల్షియంతో గట్టిపడితే గార. దాన్ని ఏ మందూ కరిగించదు, క్లీనింగ్ చేయించుకోవాల్సిందే.

వాములో ఉండే థైమాల్, యూకలిప్టస్ నూనెల మౌత్‌వాష్‌లకు బలం తక్కువ, మరకలూ తక్కువ. బ్రష్‌కు తోడుగా కొంత మేలు చేస్తాయి. నోటి ఆపరేషన్ అయినప్పుడో, చేయి కదపలేనప్పుడో క్లోర్‌హెక్సిడిన్ నిజంగా ఆదుకుంటుంది. అదైనా పేస్టుతో తోముకున్న వెంటనే వద్దు, అరగంట ఆగండి. పేస్టులోని నురుగు పదార్థం మందును పనిచేయనివ్వదు.

మళ్ళీ రక్తం దగ్గరికే వస్తాను. అమ్మా, అయ్యా, దయచేసి వినండి. రక్తం వచ్చేది సాధారణంగా పాచి పేరుకున్న చోటే. ఆ చోటు వదిలేస్తే పాచి ఇంకా పెరుగుతుంది. ఇందాక చెప్పిన హరాల్డ్ లోయె 1965లో 12 మంది చేత తోముకోవడం మాన్పించాడు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెడితే వారం పది రోజుల్లో తగ్గాయి. మెత్తని బ్రష్ పట్టుకుని చిగురు అంచున నెమ్మదిగా తోమండి. పది రోజులైనా రక్తం ఆగకపోతే డాక్టరుకు చూపించండి.

నాన్నగారి పళ్ళు నాలుగూ నేనే తీశాను. "ముందే చెప్పలేదేమే?" అన్నారు. ఇవాళ టార్చి, అద్దం తెచ్చుకున్నాను. భోజనానికి వెళ్ళే ముందు ఆ మూల కుర్చీలో ఒక్కొక్కరూ వచ్చి కూర్చోండి. కాఫీ దగ్గర మాట్లాడిన పెద్దాయన, మీరే ముందు రండి.