అల్ట్రాసౌండ్‌తో తాగే నీళ్లు శుద్ధి అవుతాయా? మా అనంతపురం డ్రమ్ము నీళ్లతో చేసి చూశా

నమస్కారం అండీ. అనంతపురంలో మా మిద్దె మీద నుంచి మాట్లాడుతున్నా. ఇది కళ్లద్దాలు, నగలు కడిగే అల్ట్రాసోనిక్ మెషిన్. "తాగే నీళ్లకు ఇట్లాంటిదే ఒకటి కొంటే సరిపోతుందేమో చూడు" అంది మా పిన్ని. వాళ్లకు రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి, డ్రమ్ముల్లో పట్టుకుంటారు. అందుకే ఈ వీడియో.

ముందు ఇది చూడండి. నీళ్లలో అల్యూమినియం ఫాయిల్ ముక్క వేస్తున్నా. రెండు నిమిషాలు... చూశారా, చిల్లులు! ఈ మెషిన్ సెకనుకు 40 వేల సార్లు కంపిస్తుంది. మన చెవికి 20 వేల దాకానే వినిపిస్తుంది, అంతకు మించిన శబ్దాన్నే అల్ట్రాసౌండ్ అంటారు. ఆ కంపనానికి నీళ్లలో సన్నటి బుడగలు పుట్టి, ఒక్కసారిగా లోపలికి కూలిపోతాయి. సూది మొన కంటే చిన్న చోట, రెప్పపాటు కూడా ఉండకుండా, వేల డిగ్రీల వేడి పుడుతుంది. దీన్నే క్యావిటేషన్ అంటారు. ఆ దెబ్బకు బ్యాక్టీరియా గోడలు చిట్లుతాయి.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. మురికిని పట్టుకుని ముద్దగా ఉన్న క్రిముల లోపలికి క్లోరిన్ చేరదు, యూవీ వెలుగూ చేరదు. సంగటిలో ఉండలను తెడ్డుతో చిదిపినట్టు అల్ట్రాసౌండ్ ఆ ముద్దలను విడగొడుతుంది. ఆ తర్వాత క్లోరిన్ పని సులువు. అంటే ఇది తోడు పనిమంతురాలు. ఒక్కదానితోనే క్రిములన్నిటినీ చంపాలంటే కరెంటు చాలా కావాలి. పైగా మెషిన్ ఆపాక నీళ్లలో ఏ రక్షణా మిగలదు. క్లోరిన్ అయితే డ్రమ్ములో కొంతసేపు కాపలా ఉంటుంది.

ఇప్పుడు నా పరీక్ష. పల్లెల్లో నీళ్లు చూసే హెచ్‌టూఎస్ సీసాలు నాలుగు తెచ్చా. క్రిములుంటే నల్లబడతాయి. రెండు రోజుల తర్వాత ఉత్త డ్రమ్ము నీళ్లది నల్లబడింది. పది నిమిషాలు మెషిన్‌లో పెట్టినదీ నల్లబడింది! మెషిన్, క్లోరిన్ రెండూ వాడినది నల్లబడలేదు. క్లోరిన్ ఒక్కటే కలిపినదీ నల్లబడలేదు. మరి మా ఇంట్లో ఈ మెషిన్ చేసిన మేలు ఏమీ కనబడలేదు.

ఇంకో మాట. మా అవ్వ పళ్ల మీద గోధుమ రంగు మచ్చలున్నాయి, అవి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌వి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకకపోతే 1.5 దాకా. కాచినా, క్లోరిన్ వేసినా, అల్ట్రాసౌండ్ పెట్టినా ఫ్లోరైడ్ పోదు. దానికి ఆర్‌ఓ లాంటిది కావాల్సిందే.

పిన్నీ, తాగే నీళ్ల కోసం ఇది కొనొద్దు. క్లోరిన్ మాత్రలు నేను తెచ్చిస్తా. వేశాక అరగంట ఆగి తాగండి. డ్రమ్ము మాత్రం ఈరోజే కడిగించు.