దారానికి కోడికాలు కట్టి ఎండ్రకాయ పట్టడం ఎలా?

(తెర మీద తిరుపతి జిల్లా పటం. తూర్పు అంచు నీలంగా వెలుగుతుంది.)

తిరుపతి వాళ్లకు సముద్రం ఎక్కడిదని నవ్వకండి. పాత చిత్తూరు జిల్లాలో ఉన్నన్నాళ్లూ ఆ మాట నిజమే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక సూళ్లూరుపేట, తడ, వాకాడు వైపు తీరం మనకొచ్చింది. శ్రీకాళహస్తి గుడి పక్కన పారే స్వర్ణముఖి వాకాడు దాటాకే బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏటినీళ్లూ ఉప్పునీళ్లూ కలిసే బురదనేల ఎండ్రకాయలకు భలే ఇష్టం.

ఎక్కడ పట్టాలో కంటే ఎక్కడ పట్టకూడదో ముందు చెప్తా. పులికాట్ పక్షుల అభయారణ్యం, పైగా అక్కడ తరతరాలుగా వేటాడే మత్స్యకారులకు వంతుల పద్ధతి ఉంది, దాన్ని పాడు అంటారు. వాళ్ల బతుకుతెరువు మధ్యలోకి మన సరదా తీసుకెళ్లొద్దు. శ్రీహరికోట వైపు ఆలోచనే వద్దు. వాకాడు వైపు తూపిలిపాళెం తీరం లాంటి చోటికెళ్లినా ముందు ఊళ్లో అడగండి, కాళ్లు తడిసే లోతు దాటకండి.

(దగ్గరగా: నైలాన్ దారం, చిన్న రాయి, కోడికాలు, చేతివల.)

సామాను ఇంతే. గాలం అక్కర్లేదు. చేప తలకాయ వాసన బాగా వస్తుంది గానీ తొందరగా చీలిపోతుంది. కోడికాలు గట్టిగా ఉంటుంది, చికెన్ కొట్టులో ఊరికే ఇచ్చినా ఇస్తారు. పోటు వచ్చేటప్పుడు, అంటే నీళ్లు ఒడ్డుకు ఎక్కేటప్పుడు, ఎరను రాయితో సహా అడుగున పడేలా వేసి దారాన్ని వేలికి చుట్టుకోండి. ఎండ్రకాయకు కళ్లకంటే ముందు మీసాలు పనిచేస్తాయి. కళ్ల మధ్య ఉండే చిన్న మీసాలతో నీళ్లలో వాసన పసిగట్టి, ఆ దారి పట్టుకుని వస్తుంది.

(నీళ్ల అడుగున దృశ్యం: దారం మెల్లగా పక్కకు జరుగుతుంది.)

ఇదిగో, అసలు పని ఇక్కడుంది. దారం బిగుసుకుని పక్కకు నడిచిందంటే ఎండ్రకాయ ఎరను డెక్కలతో పట్టుకుందన్నమాట. అది చేపలా మింగదు. పట్టుకుని చీల్చి కొద్దికొద్దిగా నోట్లో పెట్టుకుంటుంది. అందుకే గుంజితే వదిలేస్తుంది, మెల్లగా లాగితే తిండి కోసం వెంటే వస్తుంది. బెత్తెడు లాగండి, ఆగండి, మళ్లీ బెత్తెడు. దారం వదులైతే ఇంకాస్త ఆగండి, చాలాసార్లు మళ్లీ పట్టుకుంటుంది. కానీ నీళ్లపైకి రాగానే దానికి విషయం అర్థమైపోతుంది. కాబట్టి అది ఇంకా మునిగి ఉన్నప్పుడే చేతివల వెనక నుంచి దాని కిందికి వెళ్లాలి. దారం ఒకరు, వల ఇంకొకరు పట్టాలి. బావా బామ్మర్దుల గొడవలు మొదలయ్యేది ఇక్కడే, ముందే మాట్లాడుకోండి.

వలలో పడ్డాక తొందర వద్దు. చివరి జత కాళ్ల మొదట్లో, వెనక నుంచి బొటనవేలు, చూపుడువేలుతో పట్టుకుంటే డెక్క అందదు. ఒకవేళ కరిస్తే లాక్కోకండి, చేయి నీళ్లలో పెట్టి కదలకుండా ఉండండి, చాలాసార్లు అదే వదిలేస్తుంది. లాక్కుంటే డెక్క తెగి మీ వేలికే వేలాడొచ్చు. దానికి డెక్క మళ్లీ మొలుస్తుంది, పెంకు విడిచినప్పుడల్లా కాస్త కాస్త పెరుగుతుంది. మనకా వెసులుబాటు లేదు.

(రెండు ఎండ్రకాయలు వెల్లకిలా, పక్కపక్కన.)

పొట్ట కింది మడత సన్నగా కోణంలా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఎదిగిన ఆడది. ఆ మడత కింద నారింజ రంగులోనో నల్లగానో గుడ్ల ముద్ద కనిపిస్తే అక్కడికక్కడే వదిలేయండి. రంగు ముదిరితే పిల్లలు బయటికొచ్చే టైం దగ్గరపడినట్టు. చిన్నవాటినీ వదిలేయండి. అరచేతిలో పట్టేదాన్ని కూర వండినా పళ్లకు పని తప్ప తినడానికేం మిగలదు.

పౌర్ణమి ఎండ్రకాయ గుల్ల, అమావాస్య ఎండ్రకాయకు కండ అని పెద్దలంటారు. నేను మాత్రం పొట్టవైపు పెంకు నొక్కి చూస్తా. లోపలికి అణిగితే ఈమధ్యే పెంకు విడిచినట్టు, లోపల కండకంటే నీళ్లే ఎక్కువ. దాన్నీ వదిలేస్తా.

(తడి గోనెసంచి, కారు డిక్కీ.)

తిరుపతి తిరుగు ప్రయాణానికి చాలామంది బకెట్ నిండా నీళ్లు పోసి అందులో వేస్తారు. ఆ నీళ్లలో ప్రాణవాయువు అయిపోగానే ఒక్కొక్కటీ చచ్చిపోతుంది. డెక్కలు నారతో కట్టి, ఉప్పునీళ్లలో తడిపిన గోనెసంచిలో పెట్టి నీడన ఉంచండి. మొప్పలు తడిగా ఉన్నంతసేపూ గాలిలోనే బతుకుతాయి. ఇంటికొచ్చాక సంచి విప్పితే కదలనిది ఉందా? ఎప్పుడు చచ్చిందో తెలియదు కాబట్టి ఎంత పెద్దదైనా కూరలో వేయకండి. చచ్చిన ఎండ్రకాయ చాలా తొందరగా చెడిపోతుంది.