ఫుస్సాలాకు బిషప్ కావలసి వచ్చినప్పుడు

శ్రోతలకు నమస్కారం. నేటి అల్జీరియాలోని అన్నాబా నగరం రోమన్ల కాలంలో హిప్పో రీజియస్. అక్కడి బిషప్ సెయింట్ అగస్టీను పేరు మీరు వినే ఉంటారు. హిప్పోకు 40 రోమన్ మైళ్ళ దూరంలో, అంటే సుమారు 60 కిలోమీటర్ల అవతల, ఆయన మేత్రాసనంలోనే, అంటే బిషప్‌గా ఆయన అధికార పరిధిలోనే, ఫుస్సాలా అనే చిన్న కోట ఊరు ఉండేది. ఉత్తర ఆఫ్రికా మూలవాసులైన బెర్బర్ల నేల, రోమ్ ఏలుబడి, జనం మాట్లాడేది ప్రాచీన కార్తేజ్ వారి ప్యూనిక్ భాష. ఊరంతా డొనాటిస్టులే, వారు కాథలిక్ సభ (చర్చి) నుండి విడిపోయిన క్రైస్తవులు. తొలుత అక్కడికి వెళ్ళిన కాథలిక్ గురువులను, అంటే చర్చి పూజారులను, కొట్టారు, దోచుకున్నారు, కొందరిని చంపారు కూడా.

పరిస్థితి కొంత చక్కబడ్డాక, అంత దూరం తాను చూసుకోలేనని తలచి, అగస్టీను ఆ ఊరికి వేరే బిషప్‌ను నియమించదలచాడు. ప్యూనిక్ వచ్చిన గురువు ఒకరు సిద్ధమయ్యారు. అభిషేకం జరిపించడానికి ఆ ప్రాంతమైన నుమిడియా బిషప్పులలో పెద్దవాడైన వృద్ధుడు శ్రమపడి వచ్చాడు. తీరా సమయానికి ఆ గురువు ససేమిరా అన్నాడు! వచ్చిన పెద్దాయనను ఊరికే పంపలేక, తన మఠంలో చిన్ననాటి నుండి పెరిగిన, 20 ఏళ్ళు దాటీ దాటని ఆంటొనినస్‌ను అగస్టీను ముందుకు నెట్టాడు. అతనికీ ప్యూనిక్ వచ్చు. ఆ తొందరలో చూసిన అర్హత అదొక్కటే అయిందని నాకనిపిస్తుంది.

ఆంటొనినస్ ఊరిని దోచుకున్నాడు. డబ్బు, బట్టలు, పశువులు, పంట, కలప, చివరకు రాళ్ళు! ఇతరుల ఇళ్ళ రాళ్ళు తెచ్చి తన ఇల్లు కట్టుకున్నాడు. జనం ఫిర్యాదు చేశారు. బిషప్పుల సభ విచారించి, బిషప్ హోదా ఉంచి, ఫుస్సాలాపై అధికారం తీసివేసి, కాజేసినదంతా తిరిగి చెల్లించమంది. తోగొనోయెటుమ్ అనే మరో చోటికి అతణ్ణి పంపబోతే, అతడు వస్తే తాము ఊరు విడిచి పోతామని అక్కడి కౌలుదార్లు భూస్వామినికి కబురు చేశారు. రోమన్ కాలపు కౌలుదార్లు అంత మాట అనగలిగారంటే, వారెంత విసిగిపోయి ఉండాలి!

ఆంటొనినస్ ఊరుకోలేదు, రోమ్‌కు అప్పీలు చేసుకున్నాడు. అప్పుడు అగస్టీను పోప్ సెలస్టీనుకు రాసిన లేఖలో, తప్పు తనదేనని ఒప్పుకొని, తాను అవివేకంగా నియమించినవాడి వల్ల ఆ ఊరి సభ పాడయితే తానే బిషప్ పదవి వదులుకోవాలనుకుంటున్నానని కూడా చెప్పాడు.