దాచడం వేరు, తీసేయడం వేరు: వర్డ్‌లో దిద్దుబాట్లు, వ్యాఖ్యలు శుభ్రం చేయడంపై నా రివ్యూ

నమస్కారం. ముందుగా ఒక విషయం చెప్పాలి. ఈ వీడియో కోసం సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక సంస్థ నాకు వర్డ్ ఏడాది చందా ఉచితంగా ఇచ్చింది. ఏం మాట్లాడాలో వాళ్లు చెప్పలేదు, చెప్పినా ఒప్పుకునేవాడిని కాను. ధరలు, కొత్త సదుపాయాల జాబితా మీరు ఇప్పటికే వేరేచోట చూసి ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను పుస్తకాలు దిద్దే పనిలో ఉన్నాను. నలుగురు చేయి వేసిన ఫైలును చివరికి ఎంత శుభ్రంగా బయటికి పంపగలం? నాకు కావలసింది అదే.

పేజ్‌మేకర్, అను ఫాంట్ల రోజుల్లో ప్రూఫు కాగితాల మీద ఎర్రసిరాతో దిద్దేవాళ్లం. ఆ కాగితాలు మా అల్మరా దాటేవి కావు. రచయిత చేతికి వెళ్లేది తెల్లటి ప్రతి. ఇప్పుడు వర్డ్‌లో 'ట్రాక్ చేంజెస్' అనే మార్పుల నమోదు నడిపి దిద్దితే, ఆ ఎర్రసిరా ఫైలు కడుపులోనే ఉండి, ఫైలు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తోంది.

మూడేళ్ల కిందట ఒక పెద్దాయన ఆత్మకథ దిద్దాం. భార్య చివరి రోజుల గురించి ఆయన రాసిన అధ్యాయం పక్కన మా బృందంలో ఒకరు, 'సాగదీసినట్టుంది, సగం తీసేయవచ్చు' అని వ్యాఖ్య పెట్టారు. మేం ఆ అధ్యాయంలో ఒక్క వాక్యం కూడా తీయలేదు. పంపేముందు నేను రివ్యూ ట్యాబులో 'నో మార్కప్' ఎంచుకున్నాను. తెర మీద ఒక్క గీత లేదు. పంపేశాను. ఆయన కంప్యూటర్‌లో అన్నీ కనిపించాయి. సాయంత్రం ఫోను చేసి, "అది మీకు సాగదీసినట్టు అనిపించిందా బాబూ?" అని అడిగారు. ఆ గొంతు నాకు ఇంకా గుర్తుంది.

అందుకే 'నో మార్కప్' అన్న పేరు మీద నాకు ఇంత కోపం. ఆ పేరు చదివిన ఎవరైనా మార్కులు లేవనే అనుకుంటారు. కానీ అది వాటిని చూపించదు, అంతే. 2013 వెర్షన్‌లో వచ్చిన 'సింపుల్ మార్కప్' కొంత నయం. మార్పు జరిగిన వరుస పక్కన, అంచులో ఒక ఎర్ర గీత అయినా కనిపిస్తుంది. ఆ పక్కనే 'ఇవి ఫైలులోనే ఉన్నాయి' అని ఒక్క ముక్క రాసి ఉంటే ఎంతమంది పరువు దక్కేది!

ఇప్పుడు తెలుగులాంటి లిపుల్లో ఎదురయ్యే చిక్కు చూపిస్తాను. ఇక్కడ 'విద్యార్ధి' అని ఉంది. 'విద్యార్థి' అని దిద్దుతున్నాను. మార్పుల నమోదు నడుస్తుండగా నా తెర మీద ఆ అక్షరం ఎలా చీలిపోయిందో చూడండి. ర పొల్లు ఒకచోట, కొట్టేసిన ధ ఒకచోట, కొత్త థ ఇంకోచోట, గుడి చుక్కల సున్నా మీద ఒంటరిగా ఉంది. వర్డ్ లెక్కలో ఇవి రెండు వేర్వేరు మార్పులు: ఒక తొలగింపు, ఒక చేర్పు. తొలగింపును ఆమోదించి, చేర్పును పొరపాటున తిరస్కరించారంటే ఆ అక్షరం నాశనమే. అందుకే నేను తెలుగు ఫైళ్లలో ముక్కను కాకుండా పదం మొత్తం కొట్టేసి మళ్లీ టైపు చేస్తాను. ఆమోదించేటప్పుడు కూడా జంటగానే ఆమోదిస్తాను.

ఇక శుభ్రం చేసే పని. ముందు ఫైలుకు నకలు తీసుకోండి, ఎందుకంటే తర్వాత వెనక్కి రాలేరు. 'ఆల్ మార్కప్' పెట్టి అన్నీ ఒకసారి చదవండి. 'ఆక్సెప్ట్' కింది బాణం నొక్కితే, అన్ని మార్పులనూ ఆమోదించి నమోదును ఆపే మీట ఉంటుంది. నాకు బాగా నచ్చిన మీట అది. అయితే దానితో వ్యాఖ్యలు పోవు. వాటికి 'డిలీట్' కింది బాణంలో పత్రంలోని అన్ని వ్యాఖ్యలనూ తీసేసే మీట వేరే ఉంది. 'రిజాల్వ్' నొక్కి సరిపెట్టుకోకండి. రిజాల్వ్ చేసిన వ్యాఖ్య పేజీ పక్కన కనిపించకపోయినా కామెంట్ల పట్టీలో అలాగే ఉంటుంది.

ఆఖరున ఫైల్, ఇన్ఫో, చెక్ ఫర్ ఇష్యూస్‌లో ఉండే డాక్యుమెంట్ ఇన్‌స్పెక్టర్. 2007 నుంచీ వర్డ్‌లోనే ఉంది, ఎవరూ తెరవరు. మిగిలిన వ్యాఖ్యలు, దిద్దినవాళ్ల పేర్లు, దాచిన పాఠ్యం అన్నీ వెతికి చూపిస్తుంది. ఈ మొత్తం ప్యాకేజీలో డబ్బు పెట్టి కొనదగ్గది ఇదే అంటాను.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? 2005 అక్టోబరులో లెబనాన్ మాజీ ప్రధాని రఫీక్ హరీరీ హత్యపై ఐక్యరాజ్యసమితి దర్యాప్తు నివేదిక వర్డ్ ఫైలుగా బయటికి వచ్చింది. అందులో తీసేసిన పేర్లు మార్పుల నమోదులో అలాగే ఉండిపోయాయి. వాటిలో అప్పటి సిరియా అధ్యక్షుడి తమ్ముడి పేరు కూడా ఉంది. ప్రపంచమంతా చదివేసింది. ఇప్పటి వర్డ్ ఫైలు (.docx) అంటే నిజానికి చిన్న ఫైళ్లను కలిపి కట్టిన ఒక జిప్ మూట. విప్పి చూస్తే ప్రతి తొలగింపు పక్కన ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో రాసి ఉంటుంది.

గూగుల్ డాక్స్ వాడేవాళ్లకు ఒక్క మాట. సూచనలన్నీ ఆమోదించాక కూడా పాత వెర్షన్లు ఎడిటర్ హక్కు ఉన్నవాళ్లకు కనిపిస్తాయి. వ్యాఖ్యలను కూడా కాపీ చేయమనే పెట్టెలో టిక్కు పెట్టకుండా కొత్త కాపీ తీసి, ఆ కాపీనే పంపండి. కలిసి దిద్దడానికి నాకు గూగులే హాయి. బయటికి పంపడానికి మాత్రం వర్డే, అదీ ఇన్‌స్పెక్టర్ కోసమే. ఆ 'నో మార్కప్' పేరు మార్చేదాకా అయిదుకు మూడున్నర దాటి ఇవ్వను.

ఆ పెద్దాయన రెండో పుస్తకం కూడా మాకే ఇచ్చారు. ఇదిగో, ఆ ఫైలే ఇది. ఇన్‌స్పెక్టర్ నడిపాను, వ్యాఖ్యల దగ్గర పచ్చ టిక్కు వచ్చింది. ఇప్పుడు పంపుతున్నాను.