కోడి జరం మనిషికి అంటితే? హన్మకొండ స్టూడియోలో చర్చ

యాంకర్: నమస్తే. డాక్టర్ గారూ, సూటిగా అడుగుతున్నా, బర్డ్ ఫ్లూ ఇంకో కరోనా అయితదా?

ఫిజీషియన్: ఇప్పటికైతే అట్ల లేదు. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకి 6గురు పోయిన్రు, 2003 నుంచి ప్రపంచం మొత్తం 900కు పైగా కేసులు, అందులో సగం దగ్గర దగ్గర చావులే, కానీ మనిషి నుంచి మనిషికి గొలుసులా పాకుతలేదు. దానికి పట్టు దొరికే కణాలు మన ముక్కు గొంతుల్లో తక్కువ, ఊపిరితిత్తుల లోపల ఎక్కువ. ఆ పట్టు మారిందంటేనే భయం.

యాంకర్: మారుతదా మరి?

పశువైద్యురాలు: ఎన్ని జంతువుల్లోకి పోతే దానికి అన్ని ఛాన్సులు. 2024లో అమెరికాల పాడి ఆవులకు వచ్చింది, ఆవులకు వస్తదని ఎవరనుకున్నరు! పందికి పక్షి ఫ్లూ, మనిషి ఫ్లూ ఒక్కసారే సోకితే రెండూ కలిసి కొత్తది పుట్టొచ్చు, అందుకే షెడ్ల దిక్కు పందుల్ని రానియ్యొద్దని మొత్తుకుంటం.

కోళ్ల రైతు: మేడం, నా మాట గూడ ఇనుండ్రి. పొద్దున్నే షెడ్ల కోళ్లు సచ్చి పడుంటే కొక్కెర తెగులో ఎండదెబ్బో నాకెట్ల ఎర్కయితది? చెప్తే శాంపిల్ భోపాల్ ల్యాబ్‌కు పోతది, పాజిటివ్ అంటే కిలోమీటర్ లోపటున్నయన్నీ సంపుతరు, సంపినయాటికి పైసలిస్తరు గని ముందే సచ్చినయాటికి ఇయ్యరాయె, ఇగ ఎవడు చెప్తడు? రాత్రికి రాత్రి సంచుల నింపి కాల్వల ఏసేటోళ్లున్నరు.. నేనేసిన అంటలేను!

యాంకర్: (నవ్వుతూ) మేమూ అనలేదన్నా.

పశువైద్యురాలు: అసలు పాయింట్ ఇదే. జల్ది చెప్తే బతికున్నయి ఎక్కువుంటయి, పైసలూ ఎక్కువొస్తయి కదా.

రైతు: కోడిపిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, షెడ్డూ కష్టమూ నాది. ఆ పైసలెవరికొస్తయో జర చెప్పుండ్రి.

(ఎవరూ మాట్లాడలేదు)

యాంకర్: సరే.. అందరూ అడిగేది, చికెన్ తినొచ్చా?

ఫిజీషియన్: 70 డిగ్రీలు దాటితే వైరస్ చస్తది, మన కూర తుకతుక ఉడుకుతది, నిమ్మలంగ తినుండ్రి. 2025లో నరసరావుపేటల రెండేళ్ల పాప బర్డ్ ఫ్లూతో చనిపోయింది, పచ్చి ముక్క తిన్నదని ఇంటోళ్లు చెప్పిన్రు. నా రంది కూర గురించి కాదు, షెడ్లల్ల పనిచేసేటోళ్ల గురించి. జరమొస్తే కోళ్ల కాడ పనిచేస్తున్న అని డాక్టర్‌కు చెప్పాలె, ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు మొదటి రెండు రోజులల్ల పడితేనే బాగ పనిచేస్తది.

రైతు: మొన్న మా పనోడికి జరమొచ్చింది సార్. రెండు గోలీలు మింగి తెల్లారి మళ్ల షెడ్లకే వచ్చిండు.

ఫిజీషియన్: మాస్క్ పెట్టుకుంటడా?

రైతు: మూతికి దస్తి కట్టుకుంటడు.