బెల్జియం గోధుమ బీరు కిట్ రివ్యూ: కాచింది డాలస్‌లో, చెబుతున్నది బెజవాడలో

నమస్తే అండి. మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ టేబుల్ మీద కనిపిస్తున్న సీసాలన్నీ ఖాళీవే. మన ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు కాచడం నేరం, సరదాకి కాచానండీ అంటే ఎక్సైజ్ వాళ్లు ఊరుకోరు. నేను కాచింది డాలస్ పక్కన మా అన్నయ్య ఇంట్లో. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో సొంతానికి కాచుకోవడానికి దారి దొరికింది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే 750 లీటర్ల పైమాటే. నాది రెండు విడతలూ కలిపి ఏడు లీటర్లు దాటలేదు లెండి. కాబట్టి ఈ వీడియో అలాంటి ఊళ్లలో ఉన్న మనవాళ్ల కోసం. ఇక్కడున్నవాళ్లు కథలా వినండి. 21 నిండనివాళ్లు వేరే వీడియోకి వెళ్లిపోండి.

నేనిప్పుడు పటమటలో మా ఇంట్లో, మేడ మీద గదిలో ఉన్నాను. బయట 42 డిగ్రీలు. ఫ్యాన్ ఆపేశాను, లేకపోతే మైకులో దాని గోలే వినిపిస్తుంది. చెమటలు చూసి నవ్వకండి. ఈ ఎండకీ మన బీరుకీ లెక్క ఉంది, అది తర్వాత.

ముందు ఈ బీరేంటో చూద్దాం. దీని పేరు విట్‌బియర్. విట్ అంటే బెల్జియంలో మాట్లాడే డచ్ భాషలో తెలుపు. గ్లాసులో పోస్తే గంజి తేటలో చిటికెడు పసుపు కలిపినట్టు మసగ్గా ఉంటుంది. పాత పద్ధతిలో దాదాపు సగం బార్లీ మాల్ట్ (అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), సగం మొలకెత్తించని పచ్చి గోధుమలు, కాసిని ఓట్స్. అందులోకి ధనియాలు, చేదు నారింజ తొక్క. అవునండి, ధనియాలే. బెల్జియంలో హూగార్డెన్ అనే ఊరికి ఈ బీరు పెట్టింది పేరు. 1950లు అయిపోయేసరికి అక్కడ దీన్ని కాచేవాళ్లే మిగల్లేదు. ఆ ఊళ్లో పాలు పోసే పియర్ సెలిస్ అనే ఆయన కుర్రతనంలో పక్కనున్న బ్రూవరీలో పనికి సాయం వెళ్లేవాడు. ఆ జ్ఞాపకంతోనే 1960ల మధ్యలో మళ్లీ మొదలుపెట్టాడు. ఇవాళ షాపులో కనిపించే హూగార్డెన్ సీసా ఆయన పుణ్యమే. 1985లో బ్రూవరీ తగలబడింది, తర్వాత అది పెద్ద కంపెనీ చేతుల్లోకి పోయింది. ఆయన 1990ల మొదట్లో టెక్సస్‌లోని ఆస్టిన్‌కి వెళ్లి ఇంకో బ్రూవరీ పెట్టాడు. అన్నయ్య ఇంటి నుంచి కారులో మూడు గంటల దూరం. ఈ సంగతి తెలిశాకే నాకీ కిట్ పిచ్చి పట్టుకుంది.

ఇక కిట్. ఒక గ్యాలన్‌ది, అంటే 3.8 లీటర్లు. నాకు యాభై డాలర్లు పడింది. కంపెనీ పేరు చెప్పను, ఇలాంటి కిట్లన్నీ దాదాపు ఒకే తీరు. గాజు జగ్గు, దాని మూతికి నీళ్లు పోసి పెట్టే ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని బయటికి పోనిస్తుంది, బయటి గాలిని లోపలికి రానివ్వదు), ఒక ట్యూబు, శానిటైజర్ పొడి, గోధుమ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, బీరుకి చేదునిచ్చే హాప్స్ పువ్వుల గుళికలు, చక్కెరని ఆల్కహాల్‌గా మార్చే ఈస్ట్ ప్యాకెట్, ధనియాలకొకటి తొక్కకొకటి రెండు చిన్న పొట్లాలు. ఎక్స్‌ట్రాక్ట్ అంటే ముదురు బెల్లం పాకం అనుకోండి, గరిటెకి పట్టుకుని వదలదు. సీసాలు విడిగా కొనుక్కోవాలి, సరే. కానీ హైడ్రోమీటర్ ఇవ్వలేదు. దీని మీద నాకు నిజంగా కోపం. ఎందుకో చెబుతాను.

కాచడం పెద్ద విద్యేం కాదు. నీళ్లు మరిగాక స్టవ్ ఆపి పాకం కలపాలి. ఆపకుండా పోశారో, పాలు అడుగంటినట్టు అంటుకుని బీరంతా మాడు వాసనే. మళ్లీ స్టవ్ వెలిగించి, హాప్స్ వేసి గంటసేపు మరిగించాలి. చివరి అయిదు నిమిషాల్లో దంచిన ధనియాలు, తొక్క. తర్వాత గిన్నెని ఐసు నీళ్లలో దింపి గబగబా 20 డిగ్రీలకి చల్లార్చాలి. జగ్గులో పోయడం, ఈస్ట్ చల్లడం, మూత బిగించడం. అంతే. కాకపోతే హాప్స్ పడగానే అది పొంగే పొంగు పాల పొంగులా ఊదితే దిగదు. నేను ఫోన్‌లో యాంగిల్ సర్దుకుంటుంటే స్టవ్ మీంచి గట్టు మీదికి, గట్టు మీంచి డ్రాయర్లోకి కారింది. వదిన వచ్చి చూసి ఏమీ అనలేదు. గుడ్డ ఒకటి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆ గమ్ము వదలగొట్టడానికి సాయంత్రం పట్టింది.

శుభ్రం గురించి నాకు పాఠం చెప్పింది మా అమ్మ. అప్పుడు అమ్మ కూడా అక్కడే ఉంది. ఆవకాయ జాడీ దగ్గరికి తడి చేత్తో వెళ్తే ఇంట్లో ఎంత రాద్ధాంతమో మీకు తెలుసుగా, అదే పద్ధతిలో నన్ను కాపలా కాసింది. కానీ ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఆవకాయకి తడి శత్రువు. ఈ శానిటైజర్‌కి ఆ తడే బలం. జగ్గు, ట్యూబు, మూత అన్నీ అందులో ముంచి, ఆరకముందే వాడేయాలి. నేను ముంచి తీయడం, అమ్మ వెనకాలే పొడిగుడ్డతో తుడిచేయడం! మూడుసార్లు ముంచాను. "తడి జాడీలో ఏది నిలవుంటుందిరా?" అని ఇప్పటికీ అంటుంది.

రెండో రోజు పొద్దున్న ఇంకో ముచ్చట. జగ్గుని చీకటి అలమారాలో పెట్టమన్నారు, వెలుగు తగిలితే హాప్స్ వల్ల బీరుకి పాడువాసన వస్తుంది. వంటింటి అలమారాలో, వదిన ఇడ్లీ పిండి గిన్నె పక్కనే పెట్టాను. జగ్గు మెడదాకా నింపమని కిట్ కాగితంలో ఉంది, నేనూ నింపాను. ఈస్ట్ విజృంభించింది, నురుగు ఎయిర్‌లాక్‌లోంచి తన్నుకొచ్చి ఇడ్లీ గిన్నె మూత మీద పడింది. ఆ రోజు ఉప్మా తిన్నాం. మీరు మాత్రం పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉంచండి, లేదా మొదటి మూడు రోజులు ఎయిర్‌లాక్ బదులు లావు ట్యూబు పెట్టి రెండో కొసని నీళ్ల గ్లాసులో ముంచండి.

ఇప్పుడు ఆ హైడ్రోమీటర్ సంగతి. పాల కేంద్రంలో నీళ్లు కలిశాయేమోనని ముంచి చూసే లాక్టోమీటర్ గుర్తుందా? దాని అన్నదమ్ముడే ఇది. ద్రవంలో చక్కెర ఎక్కువుంటే పైకి తేలుతుంది, ఈస్ట్ ఆ చక్కెర తినేకొద్దీ కిందికి దిగుతుంది. నేను విడిగా కొనుక్కున్నాను. వట్టి నీళ్లలో ముంచితే 1.000 చూపిస్తుంది. నా జగ్గులో మొదటిరోజు 1.048. కిట్ కాగితం ఏడో రోజున సీసాల్లోకి పట్టేయమంది. ఏడో రోజు చూస్తే 1.018. అంటే ఇంకా చాలా చక్కెర ఉంది. అప్పుడే పట్టేసి, పైన గ్యాస్ కోసం వేసే చక్కెర కూడా వేసి మూత కొట్టి ఉంటే ఏమయ్యేది? లోపల గ్యాస్ పెరిగి పెరిగి గాజు సీసాలు పేలేవి. సోడా సీసా పేలితే ఎలా ఉంటుందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. వదినా అమ్మా తిరిగే వంటింట్లో! నేను ఆగాను. 14వ రోజు 1.011, 17వ రోజు కూడా 1.011. అంకె కదలకపోతే అయిపోయినట్టు. అప్పుడు పట్టాను. మొదటి అంకెలోంచి చివరిది తీసేసి 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది, నాకు 4.8 చిల్లర తేలింది. హూగార్డెన్ సీసా మీద ఉండేది 4.9. ఆ రాత్రి నేను పడ్డ సంబరం అన్నయ్యకి అర్థం కాలేదు.

సరే, ఇప్పుడు బెజవాడలో కూర్చుని ఈ వీడియో తీయడానికి అసలు కారణం. ఇదిగోండి, కిట్‌లో వచ్చిన ధనియాల పొట్లం, మిగిలింది దాచి తెచ్చాను. ఇవి ఈ ఉదయం కాళేశ్వరరావు మార్కెట్లో కొన్నవి. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. కిట్‌వి చిన్నగా, గుండ్రంగా, మిరియాల్లా ఉన్నాయి. మనవి కాస్త పెద్దవి, కోలగా ఉంటాయి. యూరప్ రకంలో నూనె ఎక్కువ, ఘాటు ఎక్కువ. మన రకంలో నూనె తక్కువ, కానీ నిమ్మతొక్క లాంటి వాసన మెత్తగా వస్తుంది. అందుకే అక్కడ ఇంట్లో బీరు కాచేవాళ్లు చాలామంది ఇండియన్ స్టోర్‌కి వెళ్లి మన ధనియాలే కొంటారు. రెండూ రోట్లో దంచుతున్నాను. అమ్మా, ఒకసారి రా. కళ్లు మూసుకుని వాసన చూడు. ఇదీ... ఇప్పుడిదీ.

"మొదటిది పాతదిరా, పెట్టెవాసన వస్తోంది. రెండోది ఇవాళ్టిది. వేయించలేదేంటి?"

విన్నారుగా. వేయించకూడదమ్మా, వేయిస్తే చారు వాసన వస్తుంది, బీరుకి పచ్చివాసనే కావాలి. కిట్‌వాళ్లు ఏ ఏడాది ధనియాలు పొట్లం కట్టారో గానీ, మొదటి విడతలో ధనియాల జాడే లేదు. రెండో విడతకి వేరే ఎక్స్‌ట్రాక్ట్ కొని, ఇండియన్ స్టోర్ ధనియాలు మూడు గ్రాములు అప్పటికప్పుడు దంచి వేశాను. అంతకు మించి వేయకండి, ఎక్కువైతే సబ్బు రుచి తగులుతుంది. తొక్క కూడా కిట్‌ది ఎండిపోయి, తెల్లటి దూదితో సహా ఉంది. ఆ దూదే చేదు. నేను తాజా నారింజ మీద పైపైన గీకి, రంగున్న పొర మాత్రమే వేశాను.

రుచి. మొదటి విడత పర్వాలేదు అనిపించింది, తియ్యటి వాసన, చివర్లో చేదు. రంగు మాత్రం మోసం. పెట్టె మీద బొమ్మ మసగ్గా ఉంది, నాది రెండు వారాలు ఫ్రిజ్‌లో ఉండేసరికి తేటపడిపోయింది. ఎక్స్‌ట్రాక్ట్‌లో పచ్చి గోధుమ పిండిపదార్థం లేకపోవడమే దానికి కారణం. రెండో విడతలో మరుగు చివర చెంచాడు మైదా నీళ్లలో కలిపి పోశాను, మసక నిలబడింది. దొంగదారే, కానీ చాలామంది చేసేదే. రుచి కూడా మారిపోయింది. ముందు నారింజ వాసన, వెనకాల లవంగం. లవంగం నేను వేయలేదు, అది ఆ రకం ఈస్ట్ ఇచ్చే వాసన. అన్నయ్యకి చెప్పకుండా షాపుదీ నాదీ రెండు గ్లాసుల్లో ఇచ్చాను. షాపుదాన్ని ఠక్కున పట్టేశాడు, "ఇది నున్నగా ఉంది, అది ఇంటిది" అన్నాడు. కానీ రెండోసారి పోయించుకుంది ఇంటిదే.

ఎండ సంగతి బాకీ ఉంది కదా. ఈ ఈస్ట్‌కి 18 నుంచి 22 డిగ్రీలు కావాలి. ఇక్కడ మే నెలలో రాత్రిపూట కూడా ముప్పై దగ్గర ఉంటుంది. అంత వేడిలో ఈస్ట్ తొందరపడి బరువైన ఆల్కహాల్స్ వదులుతుంది, పెయింట్ థిన్నర్ వాసన వస్తుంది. డాలస్‌లోనూ ఎండలు తక్కువేం కాదు, ఇల్లంతా ఏసీ కాబట్టి గడిచింది. మీరు ఏ దేశంలో ఉన్నా వేసవిలో గ్యారేజీలో మాత్రం పెట్టకండి.

కొనాలా వద్దా అంటే, మొదటిసారికి కొనండి. జగ్గు, ఎయిర్‌లాక్, ట్యూబు మళ్లీ మళ్లీ పనికొస్తాయి. లోపలున్న రెండు పొట్లాలు మాత్రం పారేయండి, ధనియాలు మీవి వేసుకోండి. పది డాలర్లు పెట్టి హైడ్రోమీటర్ కొనండి, కాగితం మీది తేదీల్ని నమ్మకండి. ఈస్ట్ ప్యాకెట్ పెద్ద జగ్గుకి సరిపడా ఇస్తారు, సగం చాలు. పట్టాక రెండు వారాలు గది వేడిలో ఉంచి అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టండి. దాచుకునే బీరు కాదిది, రెండు నెలల్లోపు తాగేయాలి.

అమ్మా, ఆ రోలు ఎక్కడికి? ఉండు, ఇంకా షూట్ అవ్వలేదు... ఆ, చారులోకట. కిట్ ధనియాలు వద్దంది, మార్కెట్‌వి మాత్రం పట్టుకుపోయింది.